చెత్త తూకంలో కాకి లెక్కలు

న్యూఢిల్లీ: రాజధానిలో కాకులెన్ని ఉన్నాయని అక్బరు పాదుషా అడిగితే బీర్బలు తడుముకోకుండా ఒక అంకె చెప్పాడట. లెక్కపెట్టిస్తే ఎక్కువ తేలితే? పొరుగూరి కాకులు చుట్టపుచూపుగా వచ్చి ఉంటాయి. తక్కువ తేలితే? ఇక్కడి కాకులు చుట్టాల ఊరికి వెళ్లి ఉంటాయి. చిన్ననాడు విని నవ్వుకున్న ఈ కథ, ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి అంకెలు సేకరించే వృత్తిలో చాలాకాలం గడిపిన తరువాత అంతగా నవ్వు తెప్పించదు. బీర్బలు లెక్క వల్ల ఎవరికీ నష్టం కలుగలేదు. నేడు అదే పద్ధతిలో పుట్టిన అంకెల మీద బిల్లులు చెల్లుతున్నాయి; ఊళ్ల ఉమ్మడి భూములు చేతులు మారుతున్నాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020–21 సంవత్సరానికి ఇచ్చిన నివేదికను చూడండి. దేశంలోని పట్టణాలలో రోజుకు పుట్టే చెత్త 1,60,038.9 టన్నులు. అందులో సేకరించినది 1,52,749.5 టన్నులు. శుద్ధి చేసినది 79,956.3 టన్నులు. భూమిలో పూడ్చినది 29,427.2 టన్నులు. ఈ రెంటిలోనూ చేరక మిగిలిపోయిన 50,655.4 టన్నులకు నివేదిక పెట్టిన పేరు ‘లెక్కకు రానిది’. అంటే దాదాపు మూడింట ఒక వంతు చెత్త ఏమైపోతున్నదో తెలియదు గాని, తెలియని ఆ చెత్త బరువు మాత్రం దశాంశ స్థానంతో సహా తెలుసు!

మండలిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. రాష్ట్రాలు పంపిన అంకెలను అది కూడింది. రాష్ట్రాలు పట్టణాలు పంపిన వాటిని కూడాయి. కూడికలో తప్పు లేదు. అయితే కూడికకు అడుగున ఉన్న తొలి అంకె ఎక్కడ పుట్టింది, ఏ కాటా మీద పుట్టింది అన్నది ప్రశ్న. లోక్‌సభలో సభ్యులు అడిగిన ప్రశ్నలకు మంత్రులు సమర్పించే రాష్ట్రాలవారీ పట్టికలకు కూడా ఆ తొలి అంకెయే ఆధారమని వేరే చెప్పనక్కరలేదు.

మరొక ప్రసిద్ధమైన అంకె ఉన్నది. 2014 మే నెలలో కస్తూరి రంగన్ అధ్యక్షతన పనిచేసిన కార్యదళం నాటి ప్రణాళికా సంఘానికి ఇచ్చిన నివేదికలో, దేశంలోని 37.7 కోట్ల పట్టణ ప్రజలు సాలీనా 6.2 కోట్ల టన్నుల చెత్తను పుట్టిస్తున్నారని పేర్కొన్నది. తరువాత సంవత్సరాల తరబడి ఈ అంకె ఉపన్యాసాలలో, సంపాదకీయాలలో సంచరించింది. నేనూ ఒకటి రెండుసార్లు వాడుకున్నాను. మనిషికి రోజుకు 450 గ్రాముల చొప్పున 2011 జనాభా లెక్కలను హెచ్చవేస్తే సరిగ్గా ఇదే అంకె వస్తుంది. ఇది తూచిన బరువు కాదు, గుణించిన బరువు. అంచనా అవసరమే, కాదనను. అంచనాను తూకమని నమ్మడంలోనే చిక్కు ఉన్నది.

ఘాజీపూర్ దాటిన తరువాత

ఢిల్లీ నుంచి తూర్పుగా మీరట్ దిక్కుకు పోయే ప్రయాణికులకు నగరం పొలిమేరలోనే ఘాజీపూర్ చెత్తకొండ ఎదురవుతుంది. పైన గద్దలు సుడులు తిరుగుతూ ఉంటాయి. 1984లో ఇక్కడ చెత్త పోయడం మొదలుపెట్టారు. 2002 నాటికే దాని సామర్థ్యం నిండిపోయింది, పోయడం ఆగలేదు. దాని ఎత్తును కుతుబ్ మినారుతో పోల్చి రాయడం విలేఖరులకు అలవాటుగా మారింది. 2017 సెప్టెంబరు 1న అందులో ఒక భాగం కూలి పక్కనున్న కాలువలోకీ రోడ్డు మీదికీ జారి ఇద్దరి ప్రాణాలు తీసింది. అదే సంవత్సరం ఏప్రిల్ 14న, సింహళ నూతన సంవత్సరాది రోజున, కొలంబోలోని మీతొటముల్ల చెత్తదిబ్బ ఇళ్ల మీద కూలినప్పుడు ముప్పయి మందికి పైగా మరణించారు. ఎంత బరువు ఏ వాలు మీద ఎంత ఎత్తున నిలుస్తుందో లెక్క చూడకుండా పోసుకుంటూ పోవడం ఎంత ప్రమాదమో ఈ రెండు సంఘటనలూ చెబుతున్నాయి.

ఢిల్లీలోని మూడు కొండలలో, అనగా ఘాజీపూర్, భల్‌స్వా, ఓఖ్లాలలో, కలిపి 280 లక్షల టన్నుల పాత చెత్త ఉన్నదని 2019లో అంచనా కట్టారు. పెద్ద నగరం కనుక జాతీయ హరిత ట్రిబ్యునల్ అడిగింది, పత్రికలు అడిగాయి, డ్రోన్లతో సర్వే జరిగింది. అయితే దేశంలోని పట్టణాలలో అధిక భాగం ఢిల్లీలు కావు. ముప్పయి నలభై వేల జనాభా ఉండి, ఊరి బయట రెండెకరాల దిబ్బ, ఒక రిజిస్టరు, ఒక గుమాస్తా ఉండే ఊళ్లు. ఆ దిబ్బల మీద ట్రిబ్యునల్ కన్ను పడేది అరుదు.

అటువంటి ఊరికి 2025 వేసవిలో వెళ్లాను. ఘాజీపూర్ దాటి, పశ్చిమ ఉత్తర ప్రదేశ్ చెరకు పొలాల మధ్య రెండు గంటలకు పైగా ప్రయాణం. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఒక్క ఊరి తప్పని పాఠకులు భావించే ప్రమాదం ఉన్నది.

పిలిచినది ఆ ఊరి పురపాలక సంఘం వారు కాదు, పొరుగున ఉన్న గ్రామం వారు. పట్టణపు దిబ్బ నిండిపోయిందనీ, గ్రామానికి చెందిన ఉమ్మడి పశువుల మేత భూమిలో ఐదెకరాలు కొత్త దిబ్బకు కావాలనీ పురపాలక సంఘం తహసీలు కార్యాలయంలో అర్జీ పెట్టింది. అర్జీకి ఆధారం ఒకే ఒక అంకె: పట్టణం నుంచి రోజుకు 20 టన్నుల చెత్త వస్తున్నది. భూమి లేని కుటుంబాల గేదెలు మేసే నేల అది. చెత్త ఎక్కడో ఒకచోట పోయాలి గదా అన్న ప్రశ్నకు గ్రామస్థుల దగ్గర సమాధానం లేదు. కానీ ఆ గ్రామంలో లెక్కల మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. అందరూ ఆయనను మాస్టర్‌జీ అంటారు. ఆయన అడిగిన ప్రశ్న వేరు: “ఇరవై అని ఎవరు తూచారు?”

రిజిస్టరులో పది ట్రిప్పులు

దిబ్బ దగ్గర రేకుల గదిలో రిజిస్టరు ఉన్నది. చూపించడానికి గుమాస్తా అభ్యంతరం చెప్పలేదు; చూడాలని ఎవరైనా రావడమే ఆయనకు వింతగా ఉన్నట్లున్నది. 2013లో మొదటి పుట. ప్రతిరోజూ పది ట్రిప్పులు, ట్రిప్పుకు రెండు టన్నులు, మొత్తం ఇరవై. హోలీ నాడు పది, దీపావళి మరునాడు పది, వాన కురిసి దారి బురదైన నాడూ పది. పన్నెండేళ్లలో ఊరు పెరిగింది, ట్రాక్టర్లు మారాయి, కాంట్రాక్టర్లు మారారు. ఇరవై టన్నులు మాత్రం మారలేదు.

“ట్రిప్పుకు రెండు టన్నులని ఎలా తెలుసు బాబూజీ?” అని అడిగాను.

“ట్రాలీ రెండు టన్నులది కదా సాబ్, కాగితాలలో రాసి ఉన్నది” అన్నాడాయన. మోసం చేస్తున్నవాడి గొంతు కాదది. తనకు ముందున్న గుమాస్తా అలాగే రాశాడు, తానూ అలాగే రాస్తున్నాడు.

ఇక్కడే అసలు పొరపాటు. ఇసుకో ఇటుకలో నింపితే ఆ ట్రాలీ రెండు టన్నులేం ఖర్మ, అంతకు మించి కూడా మోస్తుంది. ఘనమీటరు నీరు వెయ్యి కిలోలు. ఇసుక అంతకంటె బాగా బరువు. కూరగాయల తొక్కలు, కాగితాలు, ప్లాస్టిక్ సంచులు, ఊడ్చిన దుమ్ము కలిసిన వదులు చెత్త ఘనమీటరుకు అందులో సగం కూడా తూగకపోవచ్చు. ట్రాలీ మోయగల బరువు వేరు, మోస్తున్న బరువు వేరు. మొదటిది కాగితం మీద ఉంటుంది. రెండవది తూస్తే గాని తెలియదు.

పెట్టె, స్ప్రింగు కాటా

తూచడానికి కోట్లు ఖర్చు కానక్కరలేదు. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ పురపాలక సంఘాల కోసం తయారుచేసిన కరదీపికలోనే పద్ధతి ఉన్నది. ఘనమీటరు పట్టే ఒక పెద్ద చెక్కపెట్టె, ఘనపుటడుగు పట్టే ఒక చిన్న పెట్టె, 50 కిలోల దాకా తూచగల ఒక స్ప్రింగు కాటా, ఇవే పరికరాలు. కుప్పలో ఒక్కచోటి నుంచే కాక నాలుగు వైపుల నుంచీ చెత్త తీసి చిన్న పెట్టె నింపాలి, కాటాకు తగిలించి తూచి రాసుకోవాలి, పెద్ద పెట్టెలో కుమ్మరించాలి. పెద్ద పెట్టె అంచు దాకా నిండేవరకు ఇలా చేయాలి. చేతితో గాని కాలితో గాని అదమరాదు. అన్ని తూకాలనూ కూడితే ఘనమీటరు చెత్త బరువు వస్తుంది. ఐదవ తరగతి గణితం.

మాస్టర్‌జీ ఊరి వడ్రంగి చేత పెట్టెలు చేయించారు. నేను వెళ్లిన రోజున ఆయన తలకు తువ్వాలు చుట్టుకొని దిబ్బ అంచున నిలబడి ఒక్కొక్క తూకం బిగ్గరగా చదువుతుంటే, ఆయన పాత విద్యార్థి ఒకడు పలక మీద రాశాడు. చిన్న పెట్టె ఒకసారి తొమ్మిది కిలోలు, మరొకసారి పన్నెండున్నర. హోటళ్ల వీధి నుంచి వచ్చినది బరువు. బట్టల బజారు నుంచి వచ్చినది తేలిక. ముప్పయి అయిదు పెట్టెలు దాటిన తరువాత పెద్ద పెట్టె నిండింది. మొత్తం 372 కిలోలు.

తరువాత ట్రాలీని లోపలి వైపు టేపుతో కొలిచాం. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల లోతు, 3.24 ఘనమీటర్లు. హెచ్చవేస్తే 1,205 కిలోలు. అంటే అంచు దాకా నిండిన ట్రాలీలో రెండు టన్నులు కాదు, ఒకటింబాతిక టన్ను కూడా లేదు.

పెట్టె లెక్కను ఎవరైనా కాదనవచ్చునని మాస్టర్‌జీకి తెలుసు. అందుకని అదే ట్రాలీని రెండు కిలోమీటర్ల దూరంలో చెరకు బళ్లు తూచే వే బ్రిడ్జికి తోలించారు. ఉత్తరాదిన దీనిని ధర్మకాంటా అంటారు. మనవైపు కొన్నిచోట్ల ధర్మకాటా. పేరులోనే ఉన్నది, పక్షపాతం లేని తూకమని. నిండు ట్రాలీతో ట్రాక్టరు 4,180 కిలోలు తూగింది. చెత్త దింపి వచ్చిన తరువాత 2,960. తేడా 1,220 కిలోలు. పెట్టె చెప్పినదీ ధర్మకాంటా చెప్పినదీ పదిహేను కిలోల తేడాలో కలిశాయి. చీటీకి ఇచ్చిన రుసుము ఒక పూట భోజనం ఖర్చుకు మించలేదు.

పది ట్రిప్పులూ అంచుల దాకా నిండి వచ్చినా రోజుకు పన్నెండు టన్నులు. ఆ ఊరి జనాభా సుమారు నలభై వేలు. అంటే మనిషికి 300 గ్రాములు. రెండు లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు మనిషికి 200 నుంచి 300 గ్రాములని ఆ కరదీపికే చెబుతున్నది. రిజిస్టరులోని ఇరవై టన్నులే నిజమైతే మనిషికి అరకిలో, మహానగరవాసుల స్థాయి. ఆ భాగహారం పన్నెండేళ్లలో ఎవరూ చేయలేదు.

మాస్టర్‌జీ నిజాయితీపరుడు గనుక తనకు ప్రతికూలమైన తూకాన్ని కూడా దాచలేదు. వానాకాలంలో చెత్త నీరు పీల్చి బరువెక్కుతుంది. భాద్రపదంలో మళ్లీ తూచి నాకు ఉత్తరం రాశారు: ఘనమీటరుకు 480 కిలోలు, ట్రాలీకి సుమారు 1,555. అప్పుడు రోజుకు పదిహేనున్నర టన్నులు. మూడు నెలల వానలను కలుపుకొని చూసినా సాలీనా సగటు పదమూడు టన్నులు. మిగిలిన ఏడు టన్నులూ కాకులు.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. బరువును బట్టి డబ్బు చెల్లించే ఒప్పందం ఉన్నచోట నీటికీ మట్టికీ కూడా చెత్త ధరే పలుకుతుంది. కాలువల పూడిక, కూల్చిన గోడల శిథిలాలు చెత్తబండిలో కలిపితే కాటా తప్పు చెప్పదు, కానీ లెక్క తప్పుతుంది. అందుచేత కాటా ఒక్కటే చాలదు. బండిలో ఏమున్నదో చూసే కన్ను, ఎంత నిండి ఉన్నదో కొలిచే టేపు కూడా ఉండాలి. బరువూ ఘనపరిమాణమూ ఒకదానికొకటి సాక్షులు. ఎప్పుడూ 370 తూగే ఘనమీటరు ఎండాకాలంలో హఠాత్తుగా 700 తూగితే చెత్తలో చెత్త కానిదేదో చేరిందన్నమాట.

దిబ్బను కొలవడం

బిల్లు నడిచేది బరువుతో. నేల నిండేది ఘనపరిమాణంతో. దిబ్బ నిజంగా నిండిందా అన్న ప్రశ్నకు దిబ్బనే కొలవాలి.

పది మీటర్లకొక గీత చొప్పున తాళ్లు పరచి, గళ్లు కలిసే ప్రతిచోటా లెవెల్ యంత్రంతో ఎత్తు చూసి, సగటు కట్టి, విస్తీర్ణంతో హెచ్చవేయడం పాత ఓవర్సీర్లందరికీ తెలిసిన విద్య. చెరువు పూడిక తీసేటప్పుడు చేసేది ఇదే. చిక్కు అడుగున వస్తుంది. చెత్త పోయకముందు నేల మట్టం ఎంతో ఎవరూ రాసి పెట్టుకోలేదు. అది చదును నేలా, ఇటుకల కోసం తవ్విన గోతులా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. అందుకని నాలుగైదు చోట్ల అసలు మట్టి తగిలేదాకా గుంతలు తవ్వి చూడవలసి వచ్చింది. రెండెకరాల దిబ్బ సగటు ఎత్తు నాలుగు మీటర్లని తేలింది. సుమారు 32,000 ఘనమీటర్లు.

దిబ్బలో చెత్త వదులుగా ఉండదు. ఏళ్ల తరబడి కుళ్లి, అణగి, మట్టితో కలిసి గట్టిపడి ఉంటుంది. దాని సాంద్రత తెలియడానికి ఒక గుంత తవ్వి, తీసిన చెత్తనంతా తూచి, గుంతలో ప్లాస్టిక్ పట్టా పరచి బిందెలతో లెక్కగా నీరు పోశారు. పట్టిన నీరే గుంత ఘనపరిమాణం. ఘనమీటరుకు 800 కిలోలు వచ్చింది. అంటే దిబ్బ మొత్తం 25,600 టన్నులు.

రిజిస్టరు ప్రకారం పన్నెండేళ్లకు రావలసినది 87,600 టన్నులు. అంత చెత్తా వచ్చి అక్కడే ఉండి ఉంటే ఆ రెండెకరాల మీద దిబ్బ ఈపాటికి పదమూడు మీటర్లు దాటాలి; నాలుగంతస్తుల మేడంత. అక్కడ నిలబడి చూస్తే చుట్టూ చెరకు తోటల మీదుగా ఊరి మసీదు మీనారు, గుడి శిఖరం కనబడుతున్నాయి గాని, అటువంటి కొండ లేదు.

మిగిలిన 62,000 టన్నులు ఏమయ్యాయి? రోజుకు ఏడు టన్నుల చొప్పున దాదాపు సగం అసలు రానే లేదు. రెండవ సగం వచ్చింది, పోయింది. తడి ఆరిపోయింది. కూరగాయలూ అన్నమూ కుళ్లి మీథేనుగా, బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిశాయి. నల్లని ద్రవమై భూమిలోకి ఇంకి పొరుగు బోరుబావుల వైపు నడిచాయి. కొంత వేసవి రాత్రుళ్లు కాలిపోయింది. నిప్పు ఎవరు పెట్టారని అడిగితే, దానంతట అదే అంటుకుంటుందని గుమాస్తా చెప్పాడు. అది కొంతవరకు నిజమే. కానీ కాలినదాని బరువు ఏ గడిలోనూ లేదు. దాని పొగ మాత్రం గ్రామంలోని పిల్లల ఊపిరితిత్తులలో జమ అవుతున్నది.

ఈ తేడాకు రూపాయలలో విలువ ఏమిటో చూద్దాం. 2021 అక్టోబరు 1న ప్రధాని ప్రారంభించిన స్వచ్ఛ భారత్ పట్టణ కార్యక్రమం రెండవ దశలో పాత దిబ్బలను తవ్వి, జల్లించి, భూమిని తిరిగి సంపాదించడం ఒక ముఖ్య లక్ష్యం. బయోమైనింగ్ అనే ఈ పనికి టన్నుకు ఇంత అని లెక్క కట్టి సొమ్ము విడుదల చేస్తారు. ఉదాహరణకు టన్నుకు 500 రూపాయలనుకుందాం. దిబ్బను కొలిచి ఇస్తే ఆ ఊరికి కోటీ ఇరవై ఎనిమిది లక్షలు. రిజిస్టరును చూసి ఇస్తే నాలుగు కోట్ల ముప్పయి ఎనిమిది లక్షలు. లేని చెత్తను తవ్వడం అన్నిటికన్నా సులభమైన కాంట్రాక్టు! ఆ ఊరిలో అలా జరిగిందని నేను అనడం లేదు. పనికి ఇంకా టెండరే పిలవలేదు. జరగకుండా ఆపగల అడ్డంకి మాత్రం ఒక వడ్రంగి చేసిన పెట్టె తప్ప మరొకటి అక్కడ నాకు కనబడలేదు.

గోనె సంచి తూకం

ఆ దిబ్బ మీద తూకం అసలే లేదనడం కూడా సరికాదు. చెత్తలోంచి సీసాలు, అట్టలు, ఇనుప ముక్కలు ఏరుకునే కుటుంబాలు అక్కడ పది పన్నెండు ఉన్నాయి. మధ్యాహ్నం కబాడీ వ్యాపారి తన కాటాతో వచ్చాడు. ఒక్కొక్క సంచినీ వేలాడదీసి, ప్లాస్టిక్ వేరుగా, అట్ట వేరుగా తూచి వెంటనే డబ్బు లెక్కగట్టాడు. ఒక నడివయసు స్త్రీ తన సంచి పద్దెనిమిది కిలోలుంటుందని చెప్పింది. కాటా పదహారున్నర చూపింది.

“రోజూ ఎత్తుకునే నా తలకు తెలియదా భాయీసాబ్, ఎంత బరువో? ఆయన కాటాకు ఆయన మాటే తెలుసు” అన్నది. తరువాత మాస్టర్‌జీ స్ప్రింగు కాటా వైపు చూసి, “దానితో ఒకసారి తూచి పెట్టకూడదా?” అని అడిగింది.

తూచారు. పదిహేడుంబావు వచ్చింది. ఆమె అంచనాకూ వ్యాపారి కాటాకూ నడుమ. వ్యాపారి గొణుక్కుంటూ ముప్పావు కిలో డబ్బు అదనంగా ఇచ్చాడు. ఆమె ముఖంలో కనిపించిన తృప్తి ఆ మొత్తానికి సంబంధించినది కాదని నాకు తోచింది.

ఆ కుటుంబాలు దిబ్బ నుంచి ప్రతిరోజూ తీసుకుపోయే సరుకు దేశ పరిశ్రమలకు ముడిపదార్థం. దిబ్బ ఆయుష్షును పెంచుతున్నది కూడా వారే. చెత్త ఏరుకునే వారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు స్థానిక సంస్థలకు చెప్పాయి. అయినా రిజిస్టరులో వారికి గడి లేదు. వారు తగ్గించిన బరువు కూడా ఎవరిదో బిల్లులో ‘పూడ్చినది’గా నమోదవుతున్నది.

కౌటిల్యుని నుంచి నేటి వరకు

చట్టం లేక కాదు ఈ దుస్థితి. తూకాలనూ కొలతలనూ కనిపెట్టి ఉండడానికి పౌతవాధ్యక్షుడనే ప్రత్యేకాధికారిని కౌటిల్యుడు అర్థశాస్త్రంలోనే నియమించాడు. మన కాలానికి వస్తే, నగరాల చెత్తపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఫలితంగా 2000లో పట్టణ ఘన వ్యర్థాల నియమాలు వచ్చాయి. చెత్త పూడ్చే ప్రతి స్థలంలోనూ తెచ్చిన చెత్తను తూచడానికి వే బ్రిడ్జి వంటి ఏర్పాటు ఉండాలని వాటిలో స్పష్టంగా ఉన్నది. 2016 నియమాలు ఆ మాటనే తిరిగి చెప్పాయి. నేను చూసిన దిబ్బ 2013లో మొదలైంది. అంటే నియమం వచ్చిన పదమూడేళ్లకు. అక్కడ కాటా పెట్టవలసిన చోట నేను చూసినది ఒక విరిగిన కుర్చీ.

చిన్న ఊళ్లకు వే బ్రిడ్జి భారమని అధికారులంటారు. నిజమే కావచ్చు. కానీ పది ట్రిప్పుల ఊరికి సొంత వే బ్రిడ్జి ఎందుకు? నెలకు నాలుగు రోజులు, ముందుగా చెప్పకుండా, వచ్చిన ప్రతి బండినీ దగ్గరలోని ధర్మకాంటాకు తోలి తూచవచ్చు. ఋతువుకొకసారి పెట్టెతో సాంద్రత చూడవచ్చు. ఏడాదికొకసారి దిబ్బకు లెవెల్ తీసి నిరుటి కొలతతో పోల్చవచ్చు. ఈ మూడు అంకెలనూ పురపాలక కార్యాలయం గోడ మీద రాస్తే, ఊరిలో లెక్కలు తెలిసిన వాడొకడైనా వాటిని సరిచూడకపోడు. ఖర్చు పెద్దది కాదు. తూచకపోవడం వల్ల లాభపడేవారు ఉండడమే పెద్ద అడ్డంకి.

చిన్న పట్టణానికి చేతకాదనే మాటను మన తెలుగు పాఠకులు సులభంగా నమ్మనక్కరలేదు. దాదాపు లక్ష జనాభా గల సూర్యాపేట ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ఇంటింటా చెత్తను వేరుచేయించి, వీధి కుండీలను తొలగించి, తడిచెత్తను ఎరువుగా మార్చి, మిగిలినది అమ్మి దేశమంతటా పేరు తెచ్చుకున్నది. అమ్మేదానిని ఎవరైనా తూచక మానరు గదా! అలాగని మన ఊళ్లన్నీ సూర్యాపేటలని మురిసిపోవడానికి వీలులేదు. మీ మునిసిపాలిటీ రోజుకు ఎన్ని టన్నులని రాజధానికి రాసి పంపుతున్నదో, ఆ అంకె ఏ కాటా మీద పుట్టిందో ఒకసారి అడిగి చూడండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉన్నది.

ఐదెకరాల మేత భూమి సంగతి ఇంకా తేలలేదు. మాస్టర్‌జీ తన తూకాలనూ ధర్మకాంటా చీటీలనూ తహసీలు కార్యాలయంలో దాఖలు చేశారు. పురపాలక సంఘం తరఫు వారు ఇవి అనధికారిక కొలతలని వాదించారు. అధికారిక కొలతలు చూపమని తహసీల్దారు అడిగితే రిజిస్టరు చూపారు. మరో వాయిదా పడింది. అయితే మాస్టర్‌జీ ఇటీవలి ఉత్తరంలో ఒక చిన్న సంగతి ఉన్నది. గుమాస్తా రిజిస్టరులో తనంతట తానే ఎర్ర సిరాతో ఒక కొత్త గడి గీశాడట: ‘ధర్మకాంటా చీటీ నంబరు’. నెలలో ఎక్కువ రోజులు అది ఖాళీగానే ఉంటున్నది. నింపిన రోజులలో ఇరవై అనే అంకె మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

పెట్టె ఇప్పుడు పంచాయతీ కచేరీలో ఉన్నది. పొరుగున ఉన్న మరో రెండు గ్రామాలవారు దానిని అరువడిగారని మాస్టర్‌జీ రాశారు.